బొబ్బిలిలో ఒక రోజు



సంక్రాంతి వెళ్ళిన తరువాత మా సంఘస్థులము పిల్లాపాపలతో ఒక వ్యాను మాట్లాడుకొని బొబ్బిలి చూచి వచ్చాము. బయలుదేరేటప్పుడే మాకు ఒక దిగులు. సంఘంలో ఇద్దరు సహోదరులు చెరువు తూము నీళ్ళ వంతు గురించి తగవుపడి, రెండు పంటల కాలంగా మాట్లాడుకోవడం లేదు. ఒకరు ముందు సీటులో, మరొకరు చిట్టచివర కూర్చున్నారు. వారి పిల్లలు మాత్రం మధ్యలో ఒకే చోట చేరి వేరుశనక్కాయలు పంచుకు తింటున్నారు.

ముందుగా గొల్లపల్లి వెళ్ళాము. బొబ్బిలి వీణలు తయారయ్యేది అక్కడే. పనస దుంగను లోపల తొలిచి, అతుకు లేకుండా ఒకే చెక్కతో వీణ చేస్తారు. ఆ చేతుల ఓపిక చూచి మా స్త్రీలు ఎంతో ఆశ్చర్యపడ్డారు. తరువాత రాజావారి కోటను చూచి, యుద్ధ స్తంభం దగ్గరకు చేరాము. ఆ రాతి స్తంభాన్ని 1891లో నిలిపారు.

బొబ్బిలి కథ మనకు బుర్రకథల్లో విన్నదే, 1964లో వచ్చిన సినిమాలో చూచినదే. అయితే తగవు ఎక్కడ మొదలైందో చాలామంది గమనించరు. బొబ్బిలికి, విజయనగరానికి మధ్య దూరం సుమారు 60 కిలోమీటర్లు. ఇరుగుపొరుగు సంస్థానాలు. పొలాల కోసం వాగుల నీళ్ళు మళ్ళించుకోవడం కూడ ఆ పగకు ఒక కారణమని రాబర్ట్ ఓర్మ్ అనే ఆంగ్ల చరిత్రకారుడు వ్రాశాడు. ఈ మాట చెప్పినప్పుడు మేము ఎవరి ముఖమూ చూడలేదు. కాని ఇద్దరు తలలు వంచుకోవడం మాత్రం తెలిసింది.

1757 జనవరి 24న విజయనగరం రాజు పెద విజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో వచ్చి కోటను ముట్టడించారు. కోట నిలవదని తెలిసిన తరువాత లోపలివారే తమ స్త్రీలను, బిడ్డలను చంపుకొని ఇండ్లకు నిప్పు పెట్టారు. రాజు రంగారావు పోరాడి మరణించాడు. కొద్దిరోజులకే విజయరామరాజు తన గుడారంలో కత్తిపోట్లకు బలి అయ్యాడు. ఆ పని తాండ్ర పాపారాయుడు చేశాడని జనం ఈనాటికీ చెప్పుకుంటారు. ఓడినవాడూ పోయాడు, గెలిచినవాడూ పోయాడు.

ఆ రోజు అక్కడ మరొక ధైర్యశాలి కూడ ఉన్నాడు. ఒక వృద్ధ సేవకుడు రంగారావు కొడుకును చావనివ్వక దాచి, చెయ్యి పట్టుకొని శత్రువుల దగ్గరకే నడిపించుకొని వచ్చాడు. ఫ్రెంచివారు ఆ బిడ్డను కాపాడారు.

తిరుగు ప్రయాణంలో చీకటి పడింది. పిల్లలు ఎక్కడివారక్కడ నిద్రపోయారు. ముందు సీటులోని సహోదరుడు మెల్లగా అడిగాడు:

“అయ్యగారూ, ఆ పిల్లోడు బతికాడా అండీ?”

“బతికాడయ్యా. ఆ వంశంవారే తరువాత బొబ్బిలిని ఏలారు. వారిలో ఒకరు 1930లలో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి కూడ అయ్యారు.”

ఆయన వెనుకకు తిరిగి చూశాడు. ఆయన కొడుకు ఆ రెండవ సహోదరుని ఒడిలో తలపెట్టి నిద్రపోతున్నాడు. చలిగాలి తగలకుండా ఆయన తన తుండుగుడ్డ కప్పాడు.

ఆ రాత్రి వారు మాట్లాడుకోలేదు. అయితే మరుసటి ఆదివారం ప్రభువు బల్లకు ముందు ఇద్దరూ బయట వేపచెట్టు క్రింద నిలబడి ఉండగా చూశాము. తూము వంతు ఇంకా తేలలేదు. పెద్దలు కూర్చొని తేల్చవలసిందే. కాని ఇప్పుడు ఒకరినొకరు “ఏం బావా” అని పిలుచుకుంటున్నారు.

ప్రియులారా, మన పంతాలు మనతో ఆగవు. మన బిడ్డలను కూడ ఆ కోటలో ఉంచి తలుపులు వేస్తాము. మీ ఇంటిలో అటువంటి తలుపు ఏదైనా ఉన్నదా? బిడ్డ చెయ్యి పట్టుకొని ముందుగా బయటికి నడిచేవారు మీరే ఎందుకు కాకూడదు?