'డిపెండెంటు' అనే పదం మీద నా ఆడిట్ అబ్జెక్షను

నేను చదివింది బి.కాం. 36 ఏళ్లు రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి 2017లో రిటైరయ్యాను. ఆ 36 ఏళ్లలో 'డిపెండెంటు' అన్న మాట ఎన్ని వేల కాగితాల మీద చూశానో లెక్కలేదు. టి.ఏ. బిల్లులో, వైద్య ఖర్చుల క్లెయిములో, పెన్షన్ కాగితాల్లో, ఎక్కడ చూసినా అదే మాట. మా రూల్సు ప్రకారం ఉద్యోగి తల్లిదండ్రులు డిపెండెంట్లు కావాలంటే వాళ్ల ఆదాయం ఫలానా హద్దు దాటకూడదు. తండ్రికి వేరే పెన్షన్ ఉందని తేలితే క్లెయిము మీద అబ్జెక్షను రాసి నిర్దాక్షిణ్యంగా వెనక్కి పంపేవాణ్ని.

ఆ మాటకే అమెరికా వీసా రూల్సులో మరో అర్థం ఉందని మా అమ్మాయి పెళ్లయ్యాక తెలిసింది. మన దగ్గర సంపాదన లేనివాళ్లు డిపెండెంట్లు. అక్కడ సంపాదించకూడనివాళ్లు డిపెండెంట్లు! ఈ రెండింటికీ ఉన్న తేడా ఎంతో పెళ్లీడు ఆడపిల్లలున్న ప్రతి తెలుగు తండ్రికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని.

మా అమ్మాయి 2010లో ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరింది. ఎవరి సిఫార్సూ లేదు. జె.ఎ.ఐ.ఐ.బి., సి.ఎ.ఐ.ఐ.బి. రెండూ పాసయింది. 2014 డిసెంబరులో పెళ్లి చేశాం. అబ్బాయి డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హెచ్-1బి మీద ఉన్నాడు. మంచివాడు, కట్నం అడగలేదు, ఈనాటికీ అతని మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. నేను జాతకం చూపించలేదు, ముహూర్తం పెట్టించలేదు. దండలు మార్పించి, రిజిస్టరు చేయించి, 'చూశారా, మూఢనమ్మకం లేకుండా పెళ్లి చేశాను' అని బంధువుల ముందు ఛాతీ విరుచుకున్నాను.

కానీ ఆ పెళ్లి తేదీ ఎలా కుదిరిందనుకున్నారు? అల్లుడి మూడు వారాల సెలవును బట్టి, వీసా స్టాంపింగుకు దొరికిన తేదీని బట్టి! పురోహితుడికి వంచని తల కాన్సులేటు అపాయింట్‌మెంటుకు వంచాను. అది ముహూర్తం కాక మరేమిటి?

మా బావమరిది మాత్రం చిలుకూరు వెళ్లి మొక్కు మొక్కుతూ 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక మొక్కు తీరుస్తూ 108 చేసి వచ్చాడు. నేను నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వే అర్హత నాకు లేదు. అతను 119 సార్లు గుడి చుట్టూ తిరిగాడు. నేను ఆ వీసా షరతులు ఒక్కసారి కూడా చదవలేదు. మా ఇద్దరిలో ఎవరిది ఎక్కువ గుడ్డి నమ్మకం?

2015 ఫిబ్రవరిలో అమ్మాయి రాజీనామా ఇచ్చింది. ఆ ఉత్తరం డ్రాఫ్టు నేనే రాశాను. కనీసం 'సెలవు పెట్టి వెళ్లి చూడవే, జీతం లేని సెలవు ఏమైనా ఇస్తారేమో కనుక్కో' అనే మాట కూడా నా నోటివెంట రాలేదు.

ఇక రూలు సంగతి చూద్దాం. హెచ్-1బి ఉద్యోగి భార్యకో భర్తకో, 21 ఏళ్లలోపు పిల్లలకో ఇచ్చేది హెచ్-4. దాని మీద ఉండవచ్చు, చదువుకోవచ్చు, జీతం తీసుకోరాదు. పని అనుమతి లేకపోతే సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇవ్వరు. ఇక్కడ కోట్ల రూపాయల రుణాల ఫైళ్లు చూసిన పిల్లకి అక్కడ ఒక గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే హక్కు కూడా లేదు.

2015 మే 26 నుంచి ఒక సడలింపు వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే దరఖాస్తు మంజూరై ఉంటే, లేదా ఆ ప్రక్రియ నడుస్తున్నందున అతని హెచ్-1బిని ఆరేళ్లకు మించి పొడిగించి ఉంటే, భార్య పని అనుమతి కార్డు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంటే ఆమె పనిచేసే హక్కు ఆమె చదువు మీద ఆధారపడదు, అనుభవం మీద ఆధారపడదు. భర్త కంపెనీ ఒక ఫారం నింపిందా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ కంపెనీకి ఈమెతో ఏ సంబంధమూ లేదు, ఈమె పేరు కూడా తెలియదు. ఆ ఫారం ఆలస్యమైతే ఈమె జీవితం ఆలస్యం!

మా అమ్మాయికి ఆ కార్డు 2017 మార్చిలో వచ్చింది. మానేసేనాటికి ఆమె జీతం నెలకి దాదాపు 45 వేలు. 25 నెలలకి 11 లక్షల 25 వేలు. ఇది కంటికి కనిపించే అంకె. ఆగిపోయిన పెన్షన్ ఖాతా, పోయిన సీనియారిటీ, ఇవి ఏ పద్దులోనూ కనపడవు. ఆమెతోపాటు చేరినవాళ్లు ఈరోజు పెద్ద బ్రాంచీలకు మేనేజర్లు. ఆమెకి అక్కడ దొరికింది ఒక పళ్ల డాక్టరు దగ్గర బిల్లులు రాసే పని. పని చిన్నదని నేను అనను, ఏ పనీ చిన్నది కాదు. కానీ అది ఆమె ఎంచుకున్నది కాదు, ఆమెకు మిగిలినది.

అదైనా నిలిచిందా? 2021 జనవరిలో కార్డు గడువు ముగిసింది. రెన్యువల్ దరఖాస్తు ముందే పెట్టింది, కానీ ఆఫీసులో ఫైళ్లు పేరుకుపోయాయి. కార్డు లేకుండా ఉంచుకుంటే డాక్టరుకు శిక్ష, కాబట్టి పంపేశాడు. కొత్త కార్డు ఆగస్టులో వచ్చింది. ఏడు నెలలు! ఆ ఏడాదే నవంబరులో ఒక కోర్టు కేసులో రాజీ కుదిరి, కొన్ని షరతుల మీద రెన్యువల్ పెండింగులో ఉన్నా పని కొనసాగించే వీలు కల్పించారు. 2025 అక్టోబరు 30 నుంచి దాఖలయ్యే రెన్యువల్ దరఖాస్తులకు, ఇలా దానంతటదే పొడిగింపు వచ్చే పద్ధతి తీసేశారు. తిప్పితిప్పి మళ్లీ మొదటికే.

2023లో అల్లుడి ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సరును వెతుక్కోవడానికి ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. భర్త హోదా పోతే భార్య హోదా కూడా పోతుంది. ఇల్లు, అప్పు, బళ్లో చదివే పాప, అన్నీ ఆ 60 రోజుల లెక్కలోకి వచ్చాయి. 51వ రోజున వేరే ఉద్యోగం దొరికింది. ఆ 51 రోజులూ మా ఆవిడ రాత్రిళ్లు నిద్రపోలేదు. నేను నిద్రపోయానని ఎలా చెప్పను?

ఇప్పుడు నాకు వినిపించే వాదనలకు జవాబు చెబుతాను.

'వాళ్ల దేశం, వాళ్ల ఉద్యోగాలు, వాళ్లు కాపాడుకోరా?' అంటారు. సరే, కాపాడుకోనివ్వండి. మరి కంపెనీ లోపలి బదిలీ మీద వచ్చే ఎల్-1 ఉద్యోగి భార్యకు 2002 నుంచే పని అనుమతికి దారి ఎలా ఉంది? 2021 నవంబరు నుంచి ఆమెకు విడిగా కార్డు కూడా అక్కర్లేదన్నారే? ఒకే ఊరు, ఒకే వీధి, ఒకే చదువు. ఒకావిడ భర్త వీసా ఎల్, ఇంకొకావిడ భర్త వీసా హెచ్. మొదటావిడ పనిచేస్తే పోని అమెరికా ఉద్యోగం రెండో ఆవిడ చేస్తే పోతుందా? పద్దులో ఇలాంటి తేడా కనిపిస్తే ఆడిటరు అడిగే మొదటి ప్రశ్న, 'దీనికి ఆధారం ఏమిటి?' అని. నాకైతే ఆధారం కనపడలేదు. జర్మనీ బ్లూకార్డు ఉద్యోగి భార్య పనిచేయవచ్చు. ఆస్ట్రేలియాలోనూ అంతే. ఆ దేశాలేమీ మునిగిపోలేదు.

'కొన్నాళ్లేగా, గ్రీన్‌కార్డు వస్తే అన్నీ సర్దుకుంటాయి' అంటారు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. అందులో భార్యాపిల్లలూ లెక్కే. మామూలుగా ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరు. హెచ్-1బి మంజూరుల్లో మాత్రం 70 శాతం దాకా మనవాళ్లే. లోపలికి వచ్చే గేటు అంత వెడల్పు, బయటికి వెళ్లే గేటు ఇంత ఇరుకు. ఈ లెక్క ఐదో తరగతి పిల్లవాడు కూడా వేయగలడు. ఫలితం ఏమిటంటే, ఉద్యోగ కోటాలో ఎక్కువమంది మనవాళ్లు నిలబడే రెండు వరుసలూ 2025 చివరికి ఇంకా 2013 నాటి తేదీల దగ్గరే ఉన్నాయి. 'కొన్నాళ్లు' అంటే ఇదన్నమాట. ఈలోగా పిల్లలకు 21 నిండితే వాళ్లు ఆ వరుసలోంచి జారిపోయే ప్రమాదం కూడా ఉంది.

'అల్లుడికి బోలెడు జీతం, అమ్మాయి సంపాదించకపోతే ఏమైంది?' అంటారు. ఈ ప్రశ్న అడిగేవాళ్లలో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ, అదీ విచారం. దీనికి నేను ఒక చిన్న సంగతి చెబుతాను. బ్యాంకులో ఉండగా మా అమ్మాయి వాళ్ల నానమ్మకి ప్రతి నెలా రెండు వేలు పంపేది. మా అమ్మకి ఆ డబ్బు అవసరం లేదు. కానీ ఒకటో తారీఖు వస్తే 'నా మనవరాలు పంపింది' అని వీధంతా చెప్పుకునేది. అమ్మాయి అమెరికా వెళ్లాక అది ఆగిపోయింది. ఎందుకే అని అడిగితే, 'ఆయన్ని అడగాలి నాన్నా. అడిగితే కాదనరు. కానీ నానమ్మకి పంపడానికి కూడా అడగడమా?' అంది. 2016లో మా అమ్మ పోయింది. కార్డు వచ్చింది 2017లో.

మంచి భర్త ఉన్న ఇంట్లోనే ఇలా ఉంటే, చెడ్డవాడి చేతిలో పడ్డ పిల్ల గతేమిటి? ఆమె డబ్బు, ఇల్లు, దేశంలో ఉండే హక్కు, అన్నీ ఒకే మనిషి గుప్పిట్లో ఉంటాయి. దెబ్బలు తినే భార్యలు పని అనుమతి అడగవచ్చని 2005లో అక్కడ చట్టం చేశారు. దరఖాస్తు పెట్టుకునే ఏర్పాటు 2017లో గానీ రాలేదు!

'ఇష్టపడే వెళ్లింది కదా' అనేది ఆఖరి వాదన. షరతులు తెలియకుండా చేసే సంతకాన్ని ఇష్టం అనరు. ఆమెకు చెప్పాల్సింది పెద్దవాళ్లం. మనం చెప్పామా?

కాబట్టి నా అసలు అబ్జెక్షను అమెరికా మీద కాదు. అక్కడి చట్టం మార్చడానికి మన చేతిలో ఓటు లేదు. పని అనుమతి సడలింపును కొట్టేయాలన్న కేసును 2025 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు, అంతవరకు మేలు. రేపు ఇంకో ప్రభుత్వం ఇంకో రూలు తెస్తుంది. కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని 2025 సెప్టెంబరులో ఒక్క సంతకంతో ప్రకటించలేదా? నా అబ్జెక్షను మన మీద. కుజదోషం ఉందా అని పదిమంది సిద్ధాంతుల చుట్టూ తిరిగి, జాతకంలో 'విదేశీ యోగం' ఉందంటే మురిసిపోయే మనం, ఏ వీసా మీద అని ఒక్క మాట అడగం. 'అమెరికా సంబంధం' అన్న రెండు మాటలు వినగానే మన బుర్ర పనిచేయడం మానేస్తుంది. దేవుణ్ని నమ్మని నాలాంటివాడి బుర్ర కూడా మానేసింది. దీన్ని మూఢనమ్మకం అనకపోతే ఇంక దేన్ని అనాలి?

సంబంధం మాట్లాడేటప్పుడు ఈ నాలుగూ అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్లు ఎలాంటివాళ్లో అక్కడే తేలిపోతుంది.

1. అబ్బాయిది ఏ వీసా? దాని మీద వెళ్లే భార్యకు పనిచేసే హక్కు ఉందా?
2. ఐ-140 మంజూరైందా? కాగితం చూపించగలరా? వరుసలో అతని తేదీ ఎప్పటిది?
3. అమ్మాయి ఉద్యోగానికి రాజీనామా తప్పదా? సెలవు మీద వెళ్లి, ఏడాది చూసి తేల్చుకునే వీలుందా?
4. ఆమె పేరు మీద, ఆమె ఒక్కతే తీయగలిగేలా, తిరుగు టిక్కెట్టుకూ ఆరు నెలల ఖర్చుకూ సరిపడా డబ్బు ఉందా? ఆమె పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు ఆమె దగ్గరే ఉంటాయా?

ఈ నాలుగో దానికి మీరు పెళ్లి భోజనాలకు పెట్టే ఖర్చులో సగం చాలు.

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. ఈ ఏడాది మళ్లీ కార్డు రెన్యువల్ ఉంది. పాపకి పదేళ్లు వస్తున్నాయి. 'అమ్మా, నువ్వు బ్యాంకులో పనిచేసేదానివట, నిజమేనా?' అని అడిగిందట. 'ఏం చెప్పావే?' అన్నాను. 'పాత ఐడీ కార్డు చూపించాను నాన్నా' అంది.

ఆ రాజీనామా డ్రాఫ్టు కార్బను కాపీ ఇంకా నా బీరువాలోనే ఉంది. కింద అమ్మాయి సంతకం. పైన దస్తూరీ అంతా నాదే.