ఎనిమిదో తరగతి దాటాక ఎవరు చదివిస్తారు?

శరణార్థి పిల్లలను ప్రపంచం అయిదారు తరగతుల దాకా ఎలాగోలా చదివిస్తోంది. హైస్కూలు గడప దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తోంది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2024 విద్యా నివేదిక ప్రకారం శరణార్థి పిల్లల్లో ప్రాథమిక విద్యలో చేరినవారు 65 శాతం, మాధ్యమిక విద్యలో 42 శాతం, కాలేజీ చదువుల్లో 7 శాతం. పిల్లలకు చదువు అబ్బకపోవడం వల్ల పుట్టిన తేడా కాదిది. దీని వేరు అంతర్జాతీయ చట్టంలోనే ఉంది. 1951 శరణార్థుల ఒడంబడికలోని 22వ అధికరణ ప్రాథమిక విద్య విషయంలో శరణార్థులను సొంత పౌరులతో సమానంగా చూడాలంటుంది. ఆ పై చదువుల దగ్గర మాత్రం, వీలైనంత అనుకూలంగా, కనీసం ఇతర విదేశీయుల కంటే తక్కువ కాకుండా చూస్తే చాలని సరిపెడుతుంది. 2000లో పెట్టుకున్న సహస్రాబ్ది లక్ష్యాలు కూడా ప్రాథమిక విద్య దగ్గరే ఆగాయి. దాతల డబ్బూ ఆ దారినే నడిచింది. హైస్కూలంటే సబ్జెక్టుకో టీచరు కావాలి, లాబ్ కావాలి, దూరం నుంచి వచ్చేవాళ్లకు హాస్టల్ కావాలి. ఆ ఖర్చు తమదని ఏ చట్టమూ ఎవరికీ చెప్పలేదు. ఆ ఖాళీలోకే విదేశాల్లోని వ్యక్తులు, ప్రార్థనా మందిరాలు, చిన్న సంఘాలు వచ్చి, ఒక్కో విద్యార్థిని ఎంచుకుని ఫీజు కడుతున్నాయి.

కెన్యా వాయవ్య మూలన తుర్కానా కౌంటీలో ఉన్న కకుమా శిబిరాన్ని చూస్తే ఇది ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. సూడాన్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి ఇథియోపియాలో తలదాచుకున్న వేలాది మగపిల్లలు, 1991లో అక్కడి ప్రభుత్వం కూలిపోవడంతో మళ్లీ దారిన పడ్డారు. వాళ్ల కోసం 1992లో కకుమా వెలిసింది. తాత్కాలికమనుకున్న ఆ శిబిరంలో, పక్కనున్న కలొబెయీ ఆవాసంతో కలిపి, ఇప్పుడు మూడు లక్షల మంది దాకా ఉన్నారు. దక్షిణ సూడాన్, సొమాలియా, కాంగో, ఇథియోపియా, బురుండి నుంచి వచ్చినవాళ్లు, అక్కడే పుట్టి అక్కడే తల్లిదండ్రులైనవాళ్లు. ప్రైమరీ బళ్లను లూథరన్ వరల్డ్ ఫెడరేషన్, హైస్కూళ్లను విండిల్ ఇంటర్నేషనల్ కెన్యా చాలాకాలంగా నడుపుతున్నాయి. ఒక్కో తరగతి గదిలో వంద మందికి పైగా పిల్లలు కూర్చోవడం అక్కడ మామూలే. కెనడా మాజీ ఆర్థికమంత్రి బిల్ మోర్నో మంత్రి కాకముందు చొరవ తీసుకుని అక్కడ బాలికలకు ఒక రెసిడెన్షియల్ హైస్కూలు కట్టించారు. మంచి పని. కానీ ఇన్ని లక్షల జనాభాలో అలాంటి స్కూలు ఒకటి ఉంటే అందులో సీటు ఎందరికి దొరుకుతుంది?

అందుకే మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు శిబిరం బయట, కెన్యాలోని ఇతర కౌంటీల బోర్డింగ్ స్కూళ్ల వైపు చూస్తారు. విదేశీ దాత అవసరం ముఖ్యంగా పడేది ఇక్కడే. ఇటీవలి సంవత్సరాల్లో జాతీయ స్థాయి బోర్డింగ్ స్కూళ్లలో తల్లిదండ్రులు కట్టాలని కెన్యా ప్రభుత్వం నిర్ణయించిన ఫీజు ఏడాదికి 53,554 షిల్లింగులు. మన డబ్బులో 35 వేల రూపాయల పైచిలుకు. అమెరికాలోనో స్వీడన్‌లోనో ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఇది పెద్ద మొత్తం కాదు. ఉద్యోగం చేసే హక్కు కాగితం మీద తప్ప చేతికందని శిబిరవాసికి మాత్రం అది కలలో కూడా మోయలేని బరువు.

అయితే ఫీజు కట్టేస్తే పని అయిపోయిందనుకోవడం చాలామంది దాతలు చేసే పొరపాటు. అడ్మిషన్ ఉత్తరంతో పాటు స్కూలు ఒక జాబితా పంపుతుంది. తాళం వేసుకునే రేకు పెట్టె, పరుపు, దుప్పట్లు, బకెట్టు, రెండు జతల యూనిఫారం, నల్ల బూట్లు, ఇంగ్లీషు నిఘంటువు, స్వాహిలీ నిఘంటువు, అట్లాసు, సైంటిఫిక్ కాలిక్యులేటరు, సబ్బులు, టాయిలెట్ రోళ్లు. మన సంక్షేమ హాస్టల్‌లో చేరే పిల్ల ట్రంకు పెట్టె లాంటిదే అదీ. కాకపోతే మన దగ్గర పెట్టె మోసుకొచ్చే తండ్రి ఉంటాడు, ఆర్టీసీ బస్సు ఉంటుంది. కకుమా నుంచి నైరోబీ ఏడు వందల కిలోమీటర్లకు పైమాట. శిబిరం దాటాలంటే అనుమతి పత్రం కావాలి. ఏడాదికి మూడు సెలవులు వస్తాయి, ప్రతిసారీ రానూపోనూ బస్సు చార్జీలు. ఈ జాబితాకు డబ్బు లేక, ఫీజు కట్టి ఉన్న సీటునే వదులుకోవలసి వచ్చే ప్రమాదం ఉంది. దాత పంపే మొత్తంలో ఇవన్నీ ముందే కలిపి లెక్కవేయాలి.

ఇంకో చిక్కు ఫీజు కట్టే తీరులో ఉంది. కెన్యా స్కూళ్లు ఏడాది ఫీజును మూడు టర్ములుగా, 50, 30, 20 నిష్పత్తిలో వసూలు చేస్తాయి. అంటే సగం డబ్బు జనవరిలోనే చేతికి రావాలి. నెలనెలా కొంచెం కొంచెం పంపే దాత మంచి మనసుతోనే పంపుతాడు గాని, జనవరి రెండో వారానికి ఆ డబ్బు చాలదు. బకాయి పడితే పిల్లలను ఇంటికి పంపేయడం అక్కడి స్కూళ్ల పాత అలవాటు. స్కూలుకు దగ్గర ఊరి పిల్ల రెండు రోజుల్లో తిరిగొస్తుంది. శరణార్థి పిల్ల ఎక్కడికి పోవాలి? రోజుల ప్రయాణం చేసి శిబిరానికి చేరి, మళ్లీ అనుమతి పత్రం సంపాదించి వెనక్కి వచ్చేసరికి టర్ము సగం గడిచిపోతుంది. అందుకే డబ్బు ఏ విద్యార్థి చేతికో, మధ్యవర్తికో కాకుండా, అక్కడే పనిచేసే సంస్థ ద్వారా నేరుగా స్కూలు ఖాతాకు, టర్ము మొదలవడానికి ముందే చేరాలి.

ఇంత కష్టపడి చదివించడం వల్ల ఫలితం ఉంటుందా? ఉంటుంది. 2013లో బ్రూస్ వైడిక్, పాల్ గ్లెవీ, లైన్ రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు కంపాషన్ ఇంటర్నేషనల్ సంస్థ ద్వారా దాతల సాయం పొందిన పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో కెన్యా, ఇండియా సహా ఆరు దేశాల్లో పరిశీలించారు. సాయం పొందినవారు పొందనివారి కంటే ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు, హైస్కూలు పూర్తిచేసినవారి నిష్పత్తీ గణనీయంగా పెరిగింది. వాళ్లు శరణార్థులు కాకపోవచ్చు, అయినా ఫీజు అడ్డు తొలగితే పేదపిల్లలు ఎంతదూరం పోగలరో తేలింది.

హిల్డే బాక్ కథ నాకు ఇంకా బలమైన సాక్ష్యం. ఆమె జర్మనీలో పుట్టిన యూదు బాలిక. నాజీల బారి నుంచి తప్పించుకుని స్వీడన్ చేరింది. తల్లిదండ్రులు నిర్బంధ శిబిరాలకు బలయ్యారు. స్వీడన్‌లో చిన్నపిల్లల టీచరుగా పనిచేస్తూ, తనెప్పుడూ చూడని ఒక కెన్యా పల్లె పిల్లవాడికి నెలకు పదిహేను డాలర్లకు మించని సొమ్ము పంపింది. ఆ పిల్లవాడు క్రిస్ మ్బురు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి ఐక్యరాజ్యసమితిలో మానవహక్కుల న్యాయవాది అయ్యాడు. తను చదువుకున్నట్టే తన ప్రాంతపు పేదపిల్లలూ హైస్కూలు చదవాలని ఆమె పేరుతో నిధి పెట్టాడు. తనను చదివించినామె ఒక శరణార్థి అని అతనికి తెలిసింది ఆ తర్వాతి కాలంలోనే. వాళ్లిద్దరి మీద 2010లో ‘ఎ స్మాల్ యాక్ట్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. 2021లో ఆమె కన్నుమూసింది. ఆమె పంపింది చిన్న మొత్తమే, కానీ మధ్యలో ఆపలేదు.

ఎవరిని ఎంచుకోవాలన్న దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. దాతలు సహజంగా మార్కుల జాబితాలో పైన ఉన్నవాళ్లను తీసుకుంటారు. ఎనిమిదో తరగతి చివర 500 మార్కులకు జరిగిన పరీక్ష ఆధారంగానే చాలాకాలం ఈ ఎంపిక సాగింది. నీళ్ల కోసం కుళాయి దగ్గర వరుసలో నిలబడి, తమ్ముళ్లను ఎత్తుకుని, పొయ్యి రాజేసి, మిగిలిన వేళలో చదివిన ఆడపిల్లకు వచ్చిన మార్కులూ, అన్నకు వచ్చిన మార్కులూ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు. హైస్కూలు ఆగిపోయిన ఆడపిల్ల ఇంట్లో ఊరికే కూర్చోదు, పెళ్లి చేసేస్తారు. కటాఫ్ నాలుగు మార్కులు తగ్గించి ఆమెను చేర్చుకోవడం దయ కాదు, సరైన లెక్క.

మరో సంగతి. విద్యార్థి నెలకో ఉత్తరం రాయాలి, ఫొటో పంపాలి, కృతజ్ఞతలు చెప్పాలి అని కోరే దాతలున్నారు. మార్కుల కార్డు, హాజరు వివరం స్కూలు పంపుతుంది, అది చాలు. పదహారేళ్ల పిల్ల తన కష్టాన్ని ప్రతి టర్ముకూ ఒక పరాయి మనిషికి వర్ణించి చెప్పుకోవలసి రావడం ఆత్మగౌరవాన్ని కోసేస్తుంది.

దాతల సాయం ఎంత మంచిదైనా ప్రభుత్వాల బాధ్యతను మోయలేదు. 2025లో అమెరికా సహాయ నిధులు కోతపడ్డాక, ప్రపంచ ఆహార కార్యక్రమం కకుమాలో రేషన్‌ను కనీస అవసరంలో 28 శాతానికి తగ్గించింది. ఇంట్లో తిండి లేనప్పుడు హైస్కూలు పిల్లవాడు ముందు కూలి వెతుక్కుంటాడు. బయటి నుంచి ఫీజు కట్టే మనం ఆ రేషన్ కోత గురించి కూడా గొంతెత్తాలి.

తెలుగువాళ్లకు ఇది దూరదేశపు ముచ్చట కాదు. హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో రోహింగ్యా శరణార్థులు వేల సంఖ్యలో ఉన్నారు. భారతదేశం 1951 ఒడంబడికపై సంతకం చేయలేదు, ఆధార్ లేని పిల్లలకు అడ్మిషన్ దగ్గరే అడ్డంకి. రోహింగ్యా పిల్లలు ప్రభుత్వ బడుల్లో చేరడానికి దరఖాస్తు చేసుకోవచ్చనీ, కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చనీ సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది. విదేశీ విరాళాల చట్టం కింద నమోదైన లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థలకే బయటి డబ్బు అందుతుంది, 2020 సవరణ తర్వాత అది కూడా ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖ ద్వారా రావాలి. ఒక సంస్థ తీసుకున్న డబ్బును మరో చిన్న సంస్థకు ఇవ్వడానికీ వీల్లేదు. అమెరికాలోని తెలుగు సంఘాలు ఊరి బడులకు ఏటా ఎంతో ఇస్తున్నాయి. అదే శ్రద్ధ బాలాపూర్‌లో పది పాసైన పిల్ల ఇంటర్ ఫీజుపై పెట్టాలంటే, ముందుగా ఆ నమోదు ఉన్న సంస్థను వెతుక్కోవాలి.

కెన్యాలో ఇప్పుడు పాఠ్య విధానమే మారింది. ఎనిమిదో తరగతి పరీక్ష 2023తో ముగిసింది. ఏడు నుంచి తొమ్మిది దాకా జూనియర్ సెకండరీ, పది నుంచి పన్నెండు దాకా సీనియర్ సెకండరీ. ఫీజు గోడ ఇప్పుడు తొమ్మిదో తరగతి చివరికి జరిగింది. కొత్త విధానంలో మొదటి విడత పిల్లలు గ్రేడ్ 10లో చేరే ఏడాది 2026, చదువు ముగిసేది 2028 చివర. వాళ్లలో ఒక్కరికైనా ఫీజు కడతానని ముందుకొచ్చేవారు ఇప్పుడే మూడేళ్ల డబ్బు లెక్కకట్టుకుని, మొదటి టర్ముది కాదు, చివరి టర్ముది ముందుగా పక్కన పెట్టుకోవాలి.