ఖర్జూరం పెట్టండి, ఐరన్ మాత్ర మాన్పించకండి

ఇంట్లో ఆడపిల్ల నీరసంగా ఉందన్నా, కోడలికి నెల తప్పిందన్నా, పెద్దాయనకు ఆపరేషన్ అయిందన్నా మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది డ్రై ఫ్రూట్స్ డబ్బా. ‘తిను, రక్తం పడుతుంది’ అంటూ ఖర్జూరం, కిస్మిస్, అంజీర్ చేతిలో పెడతాం. పెట్టడం మంచిదే. ఇబ్బంది ఎక్కడంటే, చాలామంది దాన్ని మందుకు బదులుగా పెడుతున్నారు. ఏడో నెలలో హిమోగ్లోబిన్ 7.8తో ఓపీకి వచ్చిన గర్భిణిని అడిగితే ‘మాత్రలు పడక మానేశానండీ, రోజూ నాలుగు ఖర్జూరాలు తింటున్నా’ అంటుంది. పక్కనే ఉన్న అత్తగారు అవునని తలూపుతారు. చదువుకున్న కుటుంబాల్లోనూ ఇది మామూలుగా వినే మాటే.

ముందుగా ఒక చిన్న తేడా గమనించండి. మనం డ్రై ఫ్రూట్స్ అని కలిపి పిలిచేవాటిలో బాదం, జీడిపప్పు, పిస్తా, అక్రోట్ ఎండిన పండ్లు కావు, గింజలు. వాటిలో ప్రధానంగా ఉండేది కొవ్వు, ప్రొటీన్. ఖర్జూరం, కిస్మిస్, అంజీర్, ఆప్రికాట్, ప్రూన్స్ మాత్రమే ఎండిన పండ్లు. మన రేగి వడియాలు, మామిడి తాండ్ర కూడా ఆ కుటుంబానివే. కాకపోతే వాటిలో బెల్లమో చక్కెరో అదనంగా చేరుతుంది.

పండు ఎండితే పోయేది ప్రధానంగా నీరు. ద్రాక్షలో నూటికి 80 వంతులు నీరే కాబట్టి కిలో కిస్మిస్ కావాలంటే దాదాపు నాలుగు కిలోల ద్రాక్ష ఎండబెట్టాలి. నీటితోపాటు విటమిన్ సి చాలావరకు నశిస్తుంది. పీచు, పొటాషియం, ఇనుము, చక్కెర మిగిలిపోయి చిక్కబడతాయి. 100 గ్రాముల ద్రాక్షలో 70 కేలరీలుంటే, అంతే బరువు కిస్మిస్‌లో 300. గుప్పెడు కిస్మిస్, అంటే 30 గ్రాములు తింటే సుమారు నాలుగు టీస్పూన్ల చక్కెర లోపలికి వెళ్లినట్టే. ఇప్పుడు పెళ్లిళ్లలో పంచుతున్న పెద్ద మెడ్జూల్ ఖర్జూరం ఒక్కదానిలోనే 16 గ్రాముల చక్కెర ఉంటుంది.

ఇక ఇనుము సంగతి. రకాన్ని బట్టి 100 గ్రాముల ఖర్జూరంలో ఇనుము 1 నుంచి 5 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. నాలుగు మామూలు ఖర్జూరాలు 30 గ్రాములు తూగుతాయనుకుంటే, ఎంత మంచి రకమైనా ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించదు. మొక్కల నుంచి వచ్చే ఇనుములో మన పేగులు గ్రహించేది కొద్ది భాగమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు 27 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ ఒక్క మాత్రలో ఉన్నంత ఇనుము ఖర్జూరం నుంచి రావాలంటే రోజుకు కిలోకు పైగా తినాలి. దాంతోపాటు ముప్పావు కిలో చక్కెర! రాత్రంతా నానబెట్టినా అంతే. మెత్తబడి తేలిగ్గా నమలొచ్చు గానీ ఇనుము పెరగదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ పరిస్థితి దాదాపు అంతే. కాన్పు సమయంలో రక్తస్రావమైతే, హిమోగ్లోబిన్ 12 ఉన్న తల్లి తట్టుకున్నట్టు 7 ఉన్న తల్లి తట్టుకోలేదు. బిడ్డ తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టే ముప్పూ పెరుగుతుంది.

మాత్రలు మానేయడానికి మీరు చెప్పే కారణాలు నిజమైనవే. వికారం, మలబద్ధకం, నల్లటి విరేచనం. నల్లగా రావడం మాత్ర వల్లే, దానికి భయపడక్కర్లేదు. (మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్నది మాత్రం ఒట్టి మాట.) వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. కాఫీ, టీ, పాలతో వద్దు. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. అదే పూటలో ఒక జామకాయో ఉసిరికాయో, అన్నంలో నిమ్మరసమో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. మలబద్ధకానికైతే మీ ఖర్జూరం, కిస్మిస్ నిజంగానే పనికొస్తాయి. 100 గ్రాముల ఖర్జూరంలో 7, 8 గ్రాముల పీచు ఉంటుంది. ప్రూన్స్‌లో పీచుతోపాటు సార్బిటాల్ ఉండి విరేచనం సాఫీగా చేస్తుంది. కాబట్టి మాత్ర వేసుకుంటూనే రెండు ఖర్జూరాలు, నాలుగైదు నానబెట్టిన కిస్మిస్ తినండి. కూరల్లో తోటకూర, గోంగూర, శనగలు, తినేవాళ్లయితే మాంసం, చేప ఎటూ ఉండాల్సిందే.

షుగర్ ఉన్నవాళ్లు ‘పండే కదా’ అని డబ్బా దగ్గర పెట్టుకుని టీవీ చూడకండి. రోజుకు ఒకటి రెండు చిన్న ఖర్జూరాలు, అదీ షుగర్ అదుపులో ఉంటేనే, వేరే తీపికి బదులుగా. గర్భధారణలో షుగర్ వచ్చినవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు వీటిలోని పొటాషియమే ప్రమాదం. ఆప్రికాట్, అంజీర్, కిస్మిస్ ఏదైనా సరే, డాక్టర్ ఒప్పుకుంటేనే. చిన్నపిల్లలకు ముక్కలు చేసి పెట్టండి, తిన్నాక నోరు పుక్కిలించమనండి. పళ్లకు అతుక్కునే తీపి ఇది.

కొనేటప్పుడు రంగు చూసి మోసపోకండి. మెరిసే నారింజ రంగు ఆప్రికాట్లు, పసుపు కిస్మిస్‌ల రంగు నిలవడానికి సల్ఫర్ డయాక్సైడ్ వాడతారు. ఆస్తమా ఉన్న కొందరికి అది పడదు. ప్యాకెట్ మీద 220 అనే అంకె ఉంటే అదే. ఏమీ కలపని ఆప్రికాట్ గోధుమ రంగులో, చూడ్డానికి ఏమంత బాగోదు. కివీ, పైనాపిల్, క్రాన్‌బెర్రీ పేరుతో దొరికేవి చాలావరకు చక్కెర పట్టించినవే. టూటీ ఫ్రూటీ అయితే పచ్చి బొప్పాయి ముక్కలకు రంగు, పాకం పట్టించిందే.

మాత్రలు సరిగ్గా వేసుకున్న నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రామైనా పెరగాలి. పెరగకపోతే మోతాదు పెంచాలా, నులిపురుగులున్నాయా, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, పైల్స్ లేదా అల్సర్ నుంచి కారుతోందా, బి12 లోపమా, తలసీమియా లక్షణమా అని వెతకాలి. మాత్రలు అసలే పడనివాళ్లకు సెలైన్‌లో ఎక్కించే ఐరన్ పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఉంది. కాన్పుకు ఇంకా నెలలు ఉండగానే వస్తే దానికి సమయం సరిపోతుంది.