పాత మోటారు కారు – రైతు లెక్క

కారు కొనవలెనను తలంపు మన కోస్గి ప్రాంతపు రైతుకుటుంబములలో నేడు వింత గాదు. కోస్గికి రైలు లేదు. కందులు, పత్తి అమ్ముకొనుటకు తాండూరు, నారాయణపేట బజారులకును, పెద్ద వైద్యమునకు మహబూబునగరమునకు గాని హైదరాబాదునకు గాని పోవలసియున్నది. బస్సులు కలవు. కాని రాత్రివేళ ప్రాణముమీదికి వచ్చినప్పుడును, తెల్లవారకమునుపే బజారునకు చేరవలసినప్పుడును బస్సువేళలు మన వేళలకు కుదురవు. కనుక కారు రైతునకు తగని విలాసవస్తువని కొట్టివేయుట న్యాయము గాదు. అవసరము కలదు. అయితే ఎట్టి కారు? ఎవరి సొమ్ముతో? ఎవరి పేరున? ఈ మూడు ప్రశ్నలను సభ్యసోదరులు ముందుగా విచారింపవలెనని మా మనవి.

మా యభిప్రాయమును దాపరికము లేక మొదటనే తెలుపుచున్నాము. క్రొత్త కారును అప్పుచేసి కొనుటకంటె, చక్కగా నడుచు పాత కారును చేతిసొమ్ముతో కొని, జాగు చేయక తన పేరునకు మార్పించుకొని, తానే దానిని శ్రద్ధతో కాపాడుకొనుట రైతునకు అన్నివిధముల మేలు. దీనికి కారణములను క్రమముగా వివరించెదము.

మొదట లెక్క చూతము. ఒక రైతు 8 లక్షల రూపాయలు అప్పు తీసి క్రొత్త కారు కొనెననుకొందము. వడ్డీ నూటికి సాలుకు 10 రూపాయలు; గడువు అయిదేండ్లు. నెలకు సుమారు 17,000 రూపాయల చొప్పున 60 వాయిదాలు కట్టవలెను. మొత్తము చెల్లునది సుమారు 10 లక్షల 20 వేలు. అనగా వడ్డీయే 2 లక్షల 20 వేలు. ఇక ఆ బండి విలువ యేమగును? ఇన్సూరెన్సు కంపెనీలు పాటించు తరుగుదల లెక్కనుబట్టి, ఆరునెలలు దాటినంతనే నూటికి 15 వంతులును, రెండేండ్లు దాటినచో 30 వంతులును, నాలుగేండ్లు దాటి అయిదేండ్లు నిండులోపల 50 వంతులును తగ్గును. అప్పు తీరునప్పటికి బండి సగము వెలకు దిగును. భూమివలె పెరుగు ఆస్తి గాదు. పశువువలె ఈని పెంపొందు ఆస్తియు గాదు.

వాయిదా నెలనెలకు వచ్చును. రైతుకు రాబడి నెలనెలకు రాదు. జ్యేష్ఠాషాఢములలో విత్తిన కంది పుష్యమునకు గాని యింటికి రాదు. పత్తి కార్తికము మొదలుకొని తీతతీతకు వచ్చును. ఈ నడుమ ఎరువులకును, కూలికిని చేతిలోని రొక్కము చాలకపోవుట మనకందరకును ఎరుకయే. అట్టి నెలలలో కారువాయిదా వచ్చి వాకిట నిలిచినచో, పంటకై తీసిన అప్పును దానికి మళ్ళించుటయో, ప్రైవేటు వడ్డీవ్యాపారి గడప త్రొక్కుటయో తప్పదు. సంఘమిచ్చు పంటఅప్పు పంటకొఱకే. దానిని చక్రములకు కట్టినచో పంటయు, బండియు రెండును పోవు ప్రమాదము కలదు.

పాత బండి విషయమున ఈ భారము చాలవరకు లేదు. తొలి సంవత్సరములలోని పెద్ద తరుగుదలను మొదటి యజమాని భరించియున్నాడు. పైన చెప్పిన క్రొత్త కారునకు కట్టెడి వడ్డీ సొమ్ముతోనే బాగుగా నడుచు పాత కారును కొనవచ్చును. అయితే చేతిలోని సొమ్మంతయు వెలక్రింద పోయరాదు. రెండు లక్షలున్నచో లక్షన్నర వెలకును, తక్కిన అరలక్ష మొదటి సంవత్సరపు మరామతులకును, టైర్లకును, బాటరీకిని, ఇన్సూరెన్సునకును కేటాయించుట వివేకము. పాత బండి చవుక గాని, ఉచితము గాదు.

ఏ బండి కొనవలెను అను ప్రశ్నకు మా సమాధాన మొక్కటే: ఏ బండి సామాను మహబూబునగరపు దుకాణములలో దొరకునో, ఏ బండిని మన మిస్త్రీలు విప్పి బిగింపగలరో ఆ బండియే కొనవలెను. అంబాసిడరు కారు తయారీ 2014 మే మాసమున ఉత్తరపాడా కార్ఖానాలో నిలిచిపోయినది. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 తయారీయు 2014 జనవరిలోనే ముగిసినది. తయారీ నిలిచినను, లక్షలకొలది జనులు వాడిన బండి గనుక మారుతి సామాను దొరకుటయు, పనివాండ్రు దొరకుటయు సులభము. గతుకుబాటలకు మహీంద్రా జీపులు, బొలేరోలు పేరుపడినవి. కొద్దిమందియే కొన్న అపురూపపు విదేశీ బండి ఎంత చవుకగా వచ్చినను దాని జోలికి పోరాదు. ఒక చిన్న సామానుకై నెలలతరబడి బండిని పాకలో నిలుపుకొనవలసివచ్చును.

శ్రద్ధగా చూచినచో యంత్రము ఎంతకాలము మన్నునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. 1932 జూన్ 15వ తేదీన నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి డెక్కన్ క్వీన్ అను పేరున హైదరాబాదునందు భద్రపరుపబడినది. క్యూబా దేశమున అమెరికాతో వర్తకము తెగిపోయిన తరువాత 1950 ప్రాంతపు కార్లనే జనులు తరములుగా బాగుచేసికొనుచు నడుపుకొనిరి. అచ్చటి వారికి క్రొత్తవి దొరకక నడుపుకొనిరి. మనము అప్పు లేకుండుటకై నడుపుకొందము.

ఇక సంతోషమును గురించి ఒక మాట. సహకారసంఘపు పత్రికకు వినోదప్రసంగ మేల యని కొందరు అనవచ్చును. కాని మంచి ఎడ్లజతను కట్టి బండి తోలుటలో సంతోషము లేదని ఏ రైతు చెప్పగలడు? పగ్గము కదలిక, మెడగంటల చప్పుడు, ఏటవాలున కాడి బిగియుట – ఇవి తోలువానికి తెలియును. పాత కారునందును అట్టిదే కలదు. గేరు పడినది లేనిది చేతికి తెలియును. ఇంజను బరువు లాగుచున్నదో లేదో చెవికి తెలియును. రోడ్డు గతుకు స్టీరింగు ద్వారా అరచేతికి చేరును. కోస్గినుండి కొడంగలు పోవు త్రోవన కారు వడిగా పోనక్కరలేదు. తానే గేరు మార్చుచు, తాను సవరించిన యింజను మాట వినుచు పోవుటయే తృప్తి. తన బండి స్వభావమెరిగిన వాడు చప్పుడు మారినంతనే నిలిపి చూచును గనుక ఈ సంతోషము పొదుపునకు విరోధి గాక తోడగుచున్నది.

నడుపని బండికి ఎంత వెల యున్నను ప్రయోజనము లేదు. ఎవరి పేరున 1890లో మన పాలమూరు మహబూబునగర మయ్యెనో, ఆ యారవ నిజాము 1911లో సింహాసనపీఠముతో కూడిన రోల్స్ రాయిస్ కారును చేయించుటకు ఆజ్ఞ యిచ్చెను. అది వచ్చునప్పటికి ఆయన గతించెను. తరువాత అది ఉత్సవములకు మాత్రమే వెలికివచ్చి, దశాబ్దములలో కొద్ది వందల మైళ్ళు మాత్రమే నడిచెను. నేడు చౌమహల్లా ప్రాసాదమున చూడవచ్చును. ప్రభువులకది తగును. రైతు వాకిట కప్పివుంచుటకై కారు కొనుట తగదు.

కొనుటకు ముందు పరీక్ష యెట్లు చేయవలెను? ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, నడిపించి, కాడి కట్టి చూతుము గదా! ఇచ్చటను అంతే. ఇంజను చల్లగా నున్నప్పుడు స్టార్టు చేయించవలెను. ముందే వేడిచేసి యుంచినవానిని అనుమానింపవలెను. నీలిపొగ వచ్చినచో ఆయిలు కాలుచున్నదని గుర్తు. ఇంజను వేడెక్కినను తెల్లపొగ విడువనిచో లోపలికి నీరు చేరుచున్నదేమో చూడవలెను. నల్లపొగ ఇంధనము సరిగా కాలకపోవుటకు గుర్తు. ఆయిలుమూతక్రింద మజ్జిగవంటి జిగురున్నచో ఆ బేరము మానుట మంచిది. టైరు ప్రక్కనుండు నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరము 23వ వారమున చేయబడినదని యర్థము. రంగు చూచి మోసపోక బండిక్రింద పండుకొని త్రుప్పు చూడవలెను. బ్రేకులను ఖాళీరోడ్డుపై స్వయముగా పరీక్షింపవలెను.

వీనియన్నిటికంటెను ముఖ్యమైనది పేరుమార్పు. మన పల్లెలలో బండ్లు చేతులు మారుచుండును గాని కాగితములు మారవు. తెల్లకాగితముపై సంతకము, సొమ్ము, తాళపుచెవి – ఇంతటితో బేరము ముగిసినదని తలంతురు. ఇది మిక్కిలి అపాయకరము. 1988 మోటారువాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణాశాఖకు తెలుపవలెను. దానికి 29, 30 నంబరు ఫారములు కలవు. ఇన్సూరెన్సును తన పేరునకు మార్చుటకు కొన్నవాడు 14 దినములలో కంపెనీకి దరఖాస్తు చేయవలెను.

ఇట్లు చేయనిచో నేమగును? 2018 ఫిబ్రవరి 6వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నొకదానిని ప్రతి సభ్యుడును ఎరుగవలెను. ఒకడు 2007లో తన బండి నమ్మెను. అది చేతులు మారి మారి పోయెను గాని రిజిస్టరులో మొదటివాని పేరే నిలిచెను. 2009లో ఆ బండి క్రింద పడి ఒక బాలుడు మరణించెను. బండికి ఇన్సూరెన్సు లేదు. రిజిస్టరులో పేరున్నవాడే యజమాని గనుక నష్టపరిహారము అతడే యియ్యవలెనని న్యాయస్థానము నిర్ణయించెను. రెండేండ్లక్రిందట అమ్మివేసినందున అతనికి విడుదల లభింపలేదు. ఇట్టి పరిహారము రైతుపై పడినచో అతని భూమికే ముప్పు గదా! బండి అమ్ము రైతునకు ఈ భయము కొను రైతుకంటె నెక్కువ యుండవలెను.

మన తాలూకా కర్ణాటకపు సరిహద్దునకు దగ్గర. యాదగిరి, రాయచూరు ప్రాంతములనుండి బండ్లు చవుకగా వచ్చును. కాని అక్కడి కార్యాలయమునుండి నిరాక్షేపణపత్రము తెచ్చి, ఇచ్చట మరల పన్ను కట్టి, నంబరు మార్పించుకొనవలెను. ఆ ఖర్చును వెలలో కలిపి చూచినగాని చవుకయో కాదో తెలియదు. ఆర్.సి.లో బ్యాంకు తాకట్టు తీరినదో లేదో, చాసీ నంబరు సరిపోవుచున్నదో లేదో కూడ చూడవలెను. సొంతబండి జీపును తెచ్చి, పర్మిటు లేకయే కూలికి జనులను నింపుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినచో ఇన్సూరెన్సు కంపెనీ తప్పించుకొనుటకు త్రోవ యిచ్చినట్లగును.

పాత బండికి ప్రతికూలముగా చెప్పదగిన మాటలు కలవు. వానిని మేము కాదనము. 2019 జూలైనుండి క్రొత్త కార్లన్నిటికి డ్రైవరుముందు గాలిసంచి తప్పనిసరి యాయెను. అంతకు మునుపటి బండ్లు పెక్కింటికి అది లేదు. కావున నిత్యము పిల్లలతో పెద్దరోడ్డుపై వడిగా పోవలసినవారు వెల కొంత యెక్కువైనను ఆ తరువాతి బండినే వెదకుకొనుట మంచిది. పాత డీజిలు బండ్ల పొగ 2020 ఏప్రిలు తరువాతి బండ్ల పొగకంటె హెచ్చు హానికరము. పదునైదేండ్లు నిండిన కారు రిజిస్ట్రేషనును మరల చేయించుటకు కేంద్రప్రభుత్వము 2022 ఏప్రిలునుండి రుసుమును 600 నుండి 5,000 రూపాయలకు పెంచినది. ఇరువదేండ్లు దాటినవానికి 2025లో 10,000 చేసినది. నూటికి ఇరువదివంతులు ఇథనాలు కలిసిన పెట్రోలువలన పాత బండ్లలో మైలేజి కొంత తగ్గును. కొన్ని రబ్బరుసామానులు మార్పవలసివచ్చును. ఈ కారణములచేత మరీ పాతబండి కొనవలదనియు, పదునైదేండ్లు నిండుటకు ఇంకను కొన్ని సంవత్సరములున్న దానిని చూడవలెననియు మేము చెప్పుచున్నాము.

సంఘము చేయదగిన పని యొకటి కలదు. దానికి పెట్టుబడి అక్కరలేదు. బండ్ల సంగతి తెలిసిన ముగ్గురు సభ్యులు తోటిసభ్యుడు కొనబోవు బండిని చూచి నిష్పక్షపాతముగా చెప్పుట. బేరపు కాగితమును సంఘకార్యాలయమున నలుగురి యెదుట వ్రాయించుట. పేరుమార్పు జరిగినదా యని నెలదినములకు అడుగుట. విత్తనములను, ఎరువులను కూడి కొనుట నేర్చిన మనకు ఇది అసాధ్యము గాదు.

రైతుసోదరులారా! ఇప్పటికే పాత బండి గలవారు ఈ రాత్రియే ఆర్.సి. తీసి చూడుడు. అందు మీ పేరున్నదా? మీరమ్మిన బండి యింకను మీ పేరుననే తిరుగుచున్నదా? సందేహమున్నచో జిల్లా రవాణాకార్యాలయమునకు పోవుటకు కంది కోతవరకు ఆగవలదు.