నదులు – ప్లాస్టిక్కు

అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ హైదరాబాదు నగరమును దాటి, సూర్యాపేట సమీపమున ప్రవహించి, మిర్యాలగూడకు చేరువనున్న వాడపల్లి యొద్ద కృష్ణలో కలియుచున్నది. కృష్ణ బంగాళాఖాతమును చేరును. కావున మన వీథికాలువలో పడిన ప్లాస్టిక్కు సంచి కడకు సముద్రము పాలు కావచ్చును.

నీటిపై తేలు చెత్తను తీయుటకు నేడు యంత్రములు కలవు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున 2014లో ఒక నది ముఖద్వారమున అట్టిదానిని నెలకొల్పిరి. ప్రవాహమే దాని చక్రమును త్రిప్పును. అది చాలనపుడు సూర్యశక్తి తోడ్పడును. తేలియాడు అడ్డుకట్ట చెత్తను దరిచేర్చగా, కదలు పట్టా దానిని పైకెత్తి తొట్టిలో పడవేయును. ఇట్టివి మన నదులకును అవసరమే.

అయినను యంత్రమునకు ఒక హద్దు కలదు. అది తేలుదానిని పట్టును గాని, అడుగున మునిగినదానిని, నలిగి సూక్ష్మకణములైనదానిని పట్టజాలదు. కావున ప్లాస్టిక్కును నీటఁ బడక మునుపే ఆపుట మేలని నా తలంపు.

అది అసాధ్యమందురా? 2003 ప్రాంతమున సూర్యాపేట పురపాలక సంఘము ఇంటింట తడిచెత్తను, పొడిచెత్తను వేఱుగా సేకరించి, తడిదానితో ఎరువు చేయించి, పొడిదానిని విక్రయించి ఇతర పట్టణములకు ఆదర్శమైనది. అందులకు గొప్ప యంత్రములు కావలసిరాలేదు. ప్రతి ఇంట రెండు బుట్టలు, ప్రజల సహకారము చాలినవి. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల పొలములకు నీరిచ్చు నాగార్జునసాగర్ ఎడమకాలువను కాపాడుటకును ఇదియే మార్గము.

బాలలారా! మీలో కొందఱు రేపు నదిని శుభ్రపఱచు యంత్రములను నిర్మింతురు గాక! నేడు మాత్రము మీరందఱును ఆ యంత్రమునకుఁ బని తగ్గించు పౌరులుగా మెలగుడు.