కీళ్లవాతానికి ఊపిరి పరీక్ష ఎందుకంటే..

వేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే పిడికిలి బిగియని మనిషి నాలుగడుగులకే ఆయాసపడితే ‘వయసు మళ్లింది’ అంటాం. దగ్గు తోడైతే క్షయ అనో, ఉబ్బసమనో అనుకుంటాం. రెండూ కాకపోవచ్చు.

రుమటాయిడ్ కీళ్లవాతం, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా వంటి జబ్బుల్లో ఒంటిని కాపాడవలసిన శక్తే ఒంటి మీద పడుతుంది. (అరిగిన మోకాళ్ల నొప్పి వేరు; దానికి భయపడనక్కరలేదు.) కొందరిలో అది ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. మెత్తగా సాగవలసిన ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. పీల్చే గాలి తగ్గుతుంది. ప్రాణవాయువు నెత్తురులోకి దిగడం తరచూ అంతకు ముందే తగ్గుతుంది.

చిక్కేమిటంటే మొదట్లో ఎక్స్‌రే బాగానే ఉండవచ్చు. గొట్టంలోకి ఊదే స్పైరోమెట్రీ కూడా మామూలుగానే రావచ్చు. డి.ఎల్.సి.ఓ. పరీక్ష, సి.టి. స్కాను ముందుగా పసిగడతాయి. పైగా నొప్పులతో నడకే మానుకున్న మనిషికి ఆయాసం తెలిసేదెలా?

పడిన మచ్చ పోదు. మైకోఫినోలేట్ వంటి మందులతో ముదరడాన్ని నెమ్మదింపజేయవచ్చు. బీడీ, చుట్ట మానాల్సిందే.

హైదరాబాదు నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగం ఉంది. కూలి పోగొట్టుకుని అక్కడిదాకా ఎందరు వెళ్లగలరు? ఊదే పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. జిల్లా ఆసుపత్రిలో ఈ రోగులందరికీ ఏటా చేయాలి. ఒకసారి ఊదించి వదిలేస్తే చాలదు. నిరుటి అంకెతో పోల్చాలి, తగ్గితే స్కానుకు పంపాలి. రోగులూ పాత చీటీలు పారేయకుండా దాచుకుని, డాక్టరు ముందు పెట్టి అడగాలి.