ఎరుపు రాలేదు, నీలం పోయింది!

‘అక్కా, పొద్దంతా నీలంగా ఉన్న ఆకాశం సాయంత్రానికి ఎర్రగా ఎలా అయిపోతుంది?’ ఈ వారం నాకు ఎదురైన ప్రశ్న ఇది. అడిగింది మూడో తరగతి బుడతడు. ‘సూర్యుడు అలిసిపోయాడు నాన్నా’ అని తప్పించుకోవచ్చు. కానీ వాడు దానికి ఊరుకునే రకం కాదు. మీ ఇంట్లోనూ అలాంటివాడు ఒకడుంటాడు కదా! అందుకే వాడికి చెప్పినట్టే మీకూ చెప్తున్నా.

సూర్యుడి వెలుగు తెల్లగా కనిపించినా, ఇంద్రధనస్సు రంగులన్నీ అందులోనే ఉంటాయి. ఆ వెలుగు మన దాకా రావాలంటే గాలిని దాటాలి. గాలిలోని అణువులు ఎరుపుని చాలావరకు పోనిస్తాయి. నీలాన్ని మాత్రం అన్ని వైపులకీ చిమ్మేస్తాయి. మీ సైన్సు పుస్తకంలో ‘పరిక్షేపణం’ అని ఉండేది ఇదే. నీలం తరంగాలు పొట్టివి కాబట్టి ఎరుపు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా చెదురుతాయి. పగలు ఎటు చూసినా నీలమే కనిపించేది అందుకే.

సాయంత్రం మారేదల్లా దారి. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు వెలుగు గాలి పొరని నిలువునా దాటేస్తుంది. అస్తమించేటప్పుడు నేలని రాసుకుంటూ రావాలి. అప్పుడు దాటాల్సిన గాలి దాదాపు 38 రెట్లు! అంత దారిలో నీలం చాలావరకు చెల్లాచెదురైపోయి, మనకి పసుపు, నారింజ, ఎరుపు మిగులుతాయి. అంటే ఆకాశానికి ఎవరూ కొత్తగా ఎరుపు పూయలేదు. మిగిలిందే మనం చూస్తున్నాం.

మరి పోయిన నీలం ఏమైంది? నాకు బాగా నచ్చే సంగతి ఇదే. విశాఖలో పొద్దుగుంకాక కూడా హైదరాబాద్‌లో సూర్యుడు ఇంకో 20 నిమిషాల దాకా ఉంటాడు. మనకి వచ్చే కిరణం పడమటి ఊళ్ల మీది గాలిని దాటుతూ, నీలాన్ని అక్కడ చల్లేసి వస్తుంది. అక్కడివాళ్లు తలెత్తి చూసే నీలంలో కొంత మన కిరణం పంచిందే!

నమ్మకం కలగలేదా? గ్లాసు నిండా నీళ్లు పోసి, నాలుగు చుక్కల పాలు కలపండి. లైట్లు ఆపేసి, ఒక పక్క నుంచి ఫోన్ టార్చ్ వేయండి. పక్కకి నిలబడి చూస్తే నీళ్లు లేత నీలంగా ఉంటాయి. ఎదుటి వైపు నుంచి చూస్తే టార్చ్ పసుపుగా కనిపిస్తుంది. ఒక్కో చుక్కా పెంచుతూ పోతే నారింజలోకి తిరుగుతుంది. అసలు సూర్యుణ్ణి మాత్రం ఇలా కళ్లప్పగించి చూడకండి, కళ్లు దెబ్బతింటాయి.

ఇంకో మాట. పొగ, దుమ్ము ఎక్కువుంటేనే సాయంత్రాలు అందంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ రేణువులు అణువుల కంటే చాలా పెద్దవి. అవి రంగులన్నిటినీ ఇంచుమించు ఒకేలా చెదరగొట్టి, ఆకాశాన్ని మసకబారుస్తాయి. వాన వెలిసి గాలి కడిగినట్టున్న రోజు సాయంత్రం మేడెక్కి చూడండి. శుభ్రమైన గాలి ఎలాంటి రంగులిస్తుందో మీకే తెలుస్తుంది.